మీటరు మీది అంకెను చూసి డీజిల్ బండి కొనకండి

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో రెండో బిడ్డ బడిలో చేరే వేళకు ఒక కోరిక దాదాపు తప్పకుండా పుడుతుంది. ఉన్న సెడాన్‌ను అమ్మేసి ఏడు సీట్ల ఫోర్‌వీల్ డ్రైవ్ ఒకటి కొనుక్కోవాలని, జూలై సెలవుల్లో పిల్లలను ఎక్కించుకుని ఫ్లిండర్స్ కొండలకో, కూబర్ పీడీకో, ఇంకాస్త ధైర్యం చేస్తే ఊడ్నడాటా ట్రాక్ మీదుగా ఎడారి అంచుకో వెళ్లిరావాలని అనుకుంటారు. కొత్త బండి ధర విన్నాక చూపు వాడిన బండ్ల వైపు మళ్లుతుంది. అక్కడి నుంచి మొదలయ్యే వెతుకులాటలో అందరూ ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? లక్ష లోపు అంటే ముఖం వెలుగుతుంది, రెండు లక్షలు దాటిందంటే ఆ ప్రకటనను అక్కడే వదిలేస్తారు. చిన్న పెట్రోలు కారు విషయంలో ఈ అలవాటు పెద్దగా నష్టం చేయదు. అవుట్‌బ్యాక్ అనే లోపలి ఎడారి ప్రాంతాలకు తీసుకెళ్లాలనుకునే డీజిల్ బండి విషయంలో మాత్రం ఈ ఒక్క ప్రశ్నే మనల్ని తప్పు బండి దగ్గరికి తీసుకుపోతుందని నా గట్టి అభిప్రాయం.

డీజిల్ ఇంజన్ ఎక్కువగా అరిగేదీ, మసి పట్టేదీ పూర్తిగా వేడెక్కకముందే. నగరంలోని ఏడు సీట్ల బండి వారం ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున ఇంటి నుంచి బడికి నాలుగు కిలోమీటర్లు, అక్కడి నుంచి స్టేషనుకు మూడు, సాయంత్రం అదే దారిలో వెనక్కి, శనివారం కూరగాయలకు, ఆదివారం గుడికి. ఈ తిరుగుడులో ఇంజన్ ఆయిల్ తగినంత వేడెక్కే అవకాశమే రాదు. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెచ్చే మసి, ఇంజన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరితో కలిసి, గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డు గోడలకు తారులా పేరుకుంటుంది. కొన్నేళ్లు ఇలా నడిచిన ఇంజన్ మానిఫోల్డు విప్పి చూస్తే గాలి వెళ్లాల్సిన దారిలో సగం మూసుకుపోయి ఉండడం మెకానిక్‌లకు కొత్త కాదు. అదే ఇంజన్ రోజూ రెండు గంటలు హైవే మీద ఒకే వేగంతో నడిస్తే లక్ష కిలోమీటర్ల తర్వాత కూడా ఇంత మసి పట్టదు. అందుకే 1 లక్ష 10 వేలు చూపే నగరపు బండి కన్నా 2 లక్షల 50 వేలు చూపే పల్లె బండి లోపల ఆరోగ్యంగా ఉండడం తరచూ జరుగుతుంది.

కొంచెం కొత్త బండ్లలో దీనికి డీపీఎఫ్ తోడైంది. పొగలోని మసిని పట్టి ఉంచి, అది నిండాక దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చేసే వడపోత ఇది. ఆ కాల్చే పని పూర్తి కావాలంటే బండి కొంతసేపు ఆగకుండా నడవాలి. బడి ముందు బండి ఆపేస్తే పని సగంలో ఆగుతుంది, మర్నాడు మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. కొన్ని ఇంజన్లలో ఇందుకోసం అదనంగా చిమ్మిన డీజిల్ కాలకుండా సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ కొలిచే కడ్డీ (డిప్‌స్టిక్) మీద ఆయిల్ మట్టం తగ్గడానికి బదులు పెరిగి కనిపిస్తే చాలావరకు దాని అర్థం ఇదే. అలాంటి బండిని ఎంత తక్కువకు ఇస్తామన్నా వద్దనాలి.

ఇక్కడ నా వాదనకు అడ్డొచ్చే ఒక సంగతిని దాచకుండా చెప్పాలి. 2015 అక్టోబరు 1 నుంచి 2020 ఏప్రిల్ 23 వరకు ఆస్ట్రేలియాలో అమ్ముడైన 2.8 లీటర్ల డీజిల్ టొయోటా ప్రాడో, హైలక్స్, ఫార్చ్యూనర్ బండ్లలో డీపీఎఫ్ వ్యవస్థ రూపకల్పనలోనే లోపం ఉందని ఫెడరల్ కోర్టు 2022లో తీర్పు ఇచ్చింది. ఆ లోపం బయటపడేది నగరపు తిరుగుడులో కాదు, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎడతెగకుండా నడిచే హైవే ప్రయాణంలోనే. పరిహారం ఎలా లెక్కకట్టాలన్న వివాదం 2024లో హైకోర్టు వరకు వెళ్లింది. ఇక్కడ హైకోర్టు అంటే దేశంలోని అత్యున్నత న్యాయస్థానం. కాబట్టి ఆ కాలపు 2.8 బండి చూసేటప్పుడు, హైవే మీద తిరిగిందా లేదా అన్నది పక్కన పెట్టి, 2020లో వచ్చిన సవరణ ఆ బండికి చేశారా, దాని కాగితం ఉందా అని ముందు అడగండి. సవరణ జరిగి, ఆ తర్వాత కనీసం ఏడాది పాటు తెల్లపొగ లేకుండా, హెచ్చరిక దీపం వెలగకుండా నడిచినట్టు సర్వీసు రికార్డులో కనిపిస్తే ఆ బండిని నేను కాదనను.

రెండు బండ్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. నాకు తమ్ముడి వరసయ్యే అబ్బాయి ఒకడు బండి వెతుకుతున్నప్పుడు ఒకే వారాంతంలో రెండు ప్రాడోలు చూశాం. రెండూ 150 సిరీస్, రెండింటిలోనూ 3 లీటర్ల డీజిల్ ఇంజనే. మొదటిది నగరం నడిబొడ్డున ఉంది, 1 లక్ష 12 వేల కిలోమీటర్లు తిరిగింది, అద్దంలా మెరుస్తోంది, లోపల కొత్త మ్యాట్లు పరిచి ఉన్నాయి. మేము వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది, చల్లగా ఉన్నప్పుడు అది ఎలా అందుకుంటుందో చూసే వీల్లేదు. సర్వీసు పుస్తకంలో ఒక ముద్రకూ తర్వాతి ముద్రకూ మధ్య రెండేళ్ల ఖాళీ ఉంది. కిలోమీటర్లు తక్కువ కాబట్టి అవసరం రాలేదని యజమాని సమాధానం. ఆయిల్ పోసే మూత విప్పి వేలితో లోపలి అంచు తడిమితే కాటుకలా నల్లటి జిగురు అంటుకుంది. ఇసుకలో, ఏటవాలులో నెమ్మదిగా బలంగా నడిపే లో రేంజ్ గేరులో వేయబోతే డాష్‌బోర్డు మీద దీపం చాలాసేపు మిణుకుమిణుకుమంటూనే ఉంది. కొన్ననాటి నుంచీ ఆ గేరును ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.

రెండోది బర్రా అనే ఊరు దాటాక గొర్రెల పొలాల మధ్య ఉంది. 2 లక్షల 63 వేల కిలోమీటర్లు. చెట్ల కొమ్మలు గీరి పక్కలంతా చారలు పడ్డాయి, డ్రైవర్ సీటు అంచు చిరిగింది. యజమాని ఆ పొద్దున బండిని అసలు తీయకుండా ఉంచి, ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి అన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి సర్వీసు పుస్తకంతో పాటు పెన్సిల్‌తో రాసిన ఒక నోటుబుక్కు తెచ్చాడు. ప్రతి 5,000 కిలోమీటర్లకు ఆయిల్, ఏ తేదీన ఏ ఫిల్టరు, ఏ టైరు ఎటు మార్చింది, 1 లక్ష 50 వేల దగ్గర టైమింగ్ బెల్టు మార్చిన రసీదు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కింది సీళ్లు మార్చిన రసీదు, అన్నీ వరసగా ఉన్నాయి. తాళం తిప్పగానే ఇంజన్ ఒక్క ఉదుటున అందుకుంది. సైలెన్సర్ దగ్గర నిలబడ్డ నాకు క్షణకాలం పల్చటి పొగ తప్ప ఏమీ కనిపించలేదు. ధర మొదటి బండి కన్నా తొమ్మిది వేల డాలర్లు తక్కువ. "అన్నా, రేపు మనం అమ్ముకునేటప్పుడు ఈ అంకె చూసి ఎవరు కొంటారు?" అని మా తమ్ముడు పక్కకు పిలిచి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ భయం వల్లే ఆ బండి తక్కువకు దొరుకుతోంది. కొన్నప్పుడే తగ్గి ఉన్న ధర అమ్మినప్పుడు ఇంకెంతో తగ్గదు. ఎక్కువ పెట్టి కొన్న తక్కువ కిలోమీటర్ల బండి మాత్రం మన చేతిలో లక్షన్నర దాటేసరికి నిలువునా పడిపోతుంది. అతడు రెండోదే కొన్నాడు.

ఆ ఇంజెక్టర్ సీళ్ల రసీదుకు నేను ఎందుకంత విలువ ఇచ్చానో చెప్పాలి. 2006 చివరి నుంచి ప్రాడోలో వచ్చిన ఆ 3 లీటర్ల ఇంజన్ మొత్తం మీద గట్టిదే అయినా, మొదటి ఏళ్ల బండ్లలో ఇంజెక్టర్ల కింద వాడిన రాగి సీళ్లు కారేవి. అలా కారిన పొగ ఆయిల్‌లో కలిసి గడ్డకట్టి, అడుగున ఆయిల్‌ను పీల్చే జల్లెడను మూసేస్తుంది. పైకి ఏ సూచనా కనిపించకుండానే ఒకరోజు ఆయిల్ అందక ఇంజన్ పట్టేస్తుంది. ఇంజెక్టర్లు అరిగి డీజిల్‌ను తుంపరగా చిమ్మలేకపోతే పిస్టన్లు పగిలిన సందర్భాలూ ఉన్నాయి. సీళ్లు మార్చారా, జల్లెడ విప్పి చూశారా అన్న రెండు ప్రశ్నలకు కాగితంతో జవాబు చెప్పగల యజమాని దొరికితే మీటరు మీద ఏముందో నేను రెండోసారి చూడను.

అలాగని పల్లె బండి అయితే చాలని నేను అనడం లేదు. దాని రోగాలు దానికి ఉంటాయి, వాటిలో మొదటిది దుమ్ము. ఎర్రమట్టి రోడ్డు మీద ముందు వెళ్లే ట్రక్కు లేపే దుమ్ములో సిలికా ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు సరిగ్గా కూర్చోకపోయినా, ఫిల్టరు తర్వాతి గొట్టానికి చిన్న చీలిక ఉన్నా అది నేరుగా సిలిండర్లలోకి చేరి గోడలను ఉప్పుకాగితంతో రుద్దినట్టు అరగదీస్తుంది. దీన్ని కనిపెట్టడానికి పరికరాలేవీ అక్కర్లేదు. ఎయిర్ బాక్సు మూత తీసి, ఫిల్టరు పక్కన పెట్టి, ఫిల్టరు దాటాక గాలి వెళ్లే గొట్టం లోపలి గోడను తడి తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగానే వస్తే సంతోషం. గోధుమ రంగు గరుకుపొడి అంటుకుంటే ఆ బండిని అక్కడే వదిలేసి రండి, బేరమాడొద్దు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసినప్పుడు గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయని తెలుస్తుంది. ఇంకా అనుమానం ఉంటే కొంచెం ఆయిల్ సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపవచ్చు. అందులో సిలికాన్ ఎంత ఉందో చూస్తే దుమ్ము సంగతి తేలిపోతుంది.

రెండో రోగం కారవాన్, అంటే చక్రాల మీది ఇల్లు, లాగడం. ఇక్కడ రిటైరైన దంపతులు రెండు టన్నులకు పైబడ్డ కారవాన్‌ను తగిలించుకుని నెలల తరబడి దేశం చుట్టివస్తారు. వాళ్ల బండ్ల సర్వీసు పుస్తకాలు ముచ్చటగా ఉంటాయి, గేర్‌బాక్సు మాత్రం ఆ బరువు కింద వేడెక్కి వేడెక్కి అలసి ఉంటుంది. కారవాన్‌ను తగిలించే టో బంతి మీద గీతలు, డాష్‌బోర్డు మూల ఎలక్ట్రిక్ బ్రేకు కంట్రోలర్ గుండీ కనబడితే గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. జీవితాంతం మార్చనక్కర్లేదు అన్న జవాబును నేను ఒప్పుకోను. పాత రేడియేటర్ సంగతి కూడా అప్పుడే చూడాలి. చాలా బండ్లలో గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది, అది లోపల చిల్లుపడితే నీళ్లు గేర్‌బాక్సులో కలిసి రెండూ పోతాయి. ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. ఆ వైపు వేసవిలో ఎవరూ పిల్లలతో వెళ్లకూడదు, కానీ శీతకాలపు మధ్యాహ్నం కూడా బరువుతో, ఎదురుగాలిలో, ఇసుకలో నడిచే ఇంజన్‌కు రేడియేటరే దిక్కు.

మూడోది ఉప్పు. అడిలైడ్‌కు దక్షిణాన ఆల్డింగా లాంటి చోట్ల ఇసుక మీదికి బండ్లను దించడం సరదా. కడగకుండా వదిలిన సముద్రపు నీరు బండి అడుగు చట్రమైన ఛాసిస్‌ను లోపలి నుంచి తింటుంది, పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది. బండి కింద పడుకుని, టార్చి వేసి, ఛాసిస్‌కున్న రంధ్రాలలోకి వేలు పెట్టి చూడాలి. పెచ్చులుగా ఊడే తుప్పు తగిలితే ఇంజన్ ఎంత బాగున్నా అనవసరం.

దక్షిణ ఆస్ట్రేలియాలో ఈ పరిశీలన మనమే చేసుకోవాల్సి రావడానికి ఒక కారణం ఉంది. ఇదే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఒకరి నుంచి ఒకరు కొనుక్కుంటే రోడ్డుకు తగినదేనని ధ్రువపత్రం ఇవ్వాలన్న నియమం ఇక్కడ లేదు, విక్టోరియాలో ఉంది. డీలర్ దగ్గర కొంటే చట్టబద్ధమైన వారంటీ వస్తుంది, 6,000 డాలర్లు దాటిన బండికి మూడు నెలలు లేదా 5,000 కిలోమీటర్లు. అయితే 15 ఏళ్లు పైబడినా, 2 లక్షల కిలోమీటర్లు దాటినా ఆ వారంటీ వర్తించదు. నేను చెప్పే బండ్లలో చాలావాటికి ఈ రక్షణ ఉండదన్నమాట, ఆ సంగతి తెలిసే కొనాలి. అందుకు బదులుగా డీజిల్ బండ్లు బాగా తెలిసిన మెకానిక్‌కు కొన్ని వందల డాలర్లు ఇచ్చి చూపించడం మూడు నెలల వారంటీ కన్నా ఎక్కువ విలువైనదని నేను అనుకుంటాను. స్కానర్ పెట్టి ఒక్కో ఇంజెక్టర్‌ను ఇంజన్ ఎంత సర్దుకుంటూ నడుపుతోందో అంకెల్లో చూడమని ఆయనను ప్రత్యేకంగా అడగండి. తాకట్టు సొత్తుల జాతీయ రిజిస్టరైన పీపీఎస్ఆర్ వెబ్‌సైటులో 2 డాలర్లు కడితే బండి మీద అప్పు ఉందా, దొంగ సొత్తా, ఎప్పుడైనా ప్రమాదంలోనో వరదలోనో పనికిరాదని తేల్చారా అన్నది నిమిషంలో తెలుస్తుంది. ఈ రెండు డాలర్లు ఖర్చు పెట్టకుండా అడ్వాన్సు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇక ఏ బండి అన్న ప్రశ్న. ప్రాడో విడిభాగాలు దారిలోని చిన్న ఊళ్లలో కూడా దొరుకుతాయి, అందుకే దాని ధర ఎప్పుడూ కొంచెం ఎక్కువే. ఆ ధర ఇవ్వలేనివారికి నేను ధైర్యంగా చెప్పేది మిత్సుబిషి పజేరో. 3.2 లీటర్ల డీజిల్, 2009 నుంచి 441 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), టైమింగ్ బెల్టు బదులు చైను. తారు రోడ్డు మీద కూడా ఫోర్‌వీల్‌లో నడపగలిగే దాని సూపర్ సెలెక్ట్ వ్యవస్థ వానలో, కంకర మలుపులలో కుటుంబంతో వెళ్లేవారికి గొప్ప భరోసా. 2021తో దాని అమ్మకాలు ఆగిపోయాయి, అందుకే కొందరు వెనకాడతారు. అన్నేళ్లు అమ్ముడైన బండికి విడిభాగాల కరువు ఇప్పట్లో రాదు. ఇసుజు ఎంయూ-ఎక్స్ 2013 చివర్లో వచ్చింది. మోటుగా శబ్దం చేస్తుంది కానీ లారీ ఇంజన్ల వంశంలో పుట్టిన ఆ 3 లీటర్ల ఇంజన్ మీద మెకానిక్‌లకు గౌరవం ఉంది. 2017లో దానికి డీపీఎఫ్ వచ్చింది కాబట్టి అంతకు ముందుదా తర్వాతిదా చూసుకోవాలి. నిస్సాన్ పట్రోల్ జీయూ రకం బండి ఛాసిస్ ఎంత దృఢమైనదో 2000లో దానికి పెట్టిన 3 లీటర్ల ఇంజన్ మొదటి ఏళ్లలో అంత అపఖ్యాతి తెచ్చుకుంది, పిస్టన్లు కరిగిపోయేవి, పాత 4.2 లీటర్ల ఇంజన్ ఉన్నది దొరికితే వేరే మాట, కానీ చిన్నపిల్లలతో వెళ్లే కుటుంబానికి అంత పాత బండిలో భద్రత చాలదు. ల్యాండ్ క్రూయిజర్ 200 గొప్ప బండే. దాని ధర పెట్టగలిగినవారికి ఈ వ్యాసం అవసరం లేదు.

మన కుటుంబాలలో ఏడు సీట్ల కోరిక వెనక అసలు కారణం ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు. వాళ్లు వచ్చిన మూడు నాలుగు నెలలు అందరం ఒకే బండిలో వెళ్లాలనుకుంటాం. అందులో తప్పేమీ లేదు. కానీ మూడో వరుస ఎత్తితే వెనక రెండు పెట్టెలు పట్టే చోటు కూడా మిగలదు, సామానంతా పైకప్పు మీదికి ఎక్కుతుంది. ప్రాడో 150 మొత్తం బరువు పరిమితి 2,990 కిలోలు. అందులో బండి సొంత బరువు తీసేస్తే మనుషులకూ సామానుకూ కలిపి మిగిలేది దాదాపు 600 కిలోలు. ఆరుగురు మనుషులు 350, ముందు బిగించిన స్టీలు బుల్‌బార్ 60, రెండో స్పేర్ టైరు 35, నీళ్లు 40, ఫ్రిజ్జూ బియ్యమూ పచ్చళ్లతో సహా వంట సామాను 60, గుడారాలూ పరుపులూ 60 అనుకుంటే బట్టల పెట్టెలు పెట్టకముందే లెక్క 605కి చేరుతుంది. పరిమితి దాటిన బండికి ప్రమాదం జరిగితే బీమా సంస్థ చెల్లించనని చెప్పవచ్చు, అంతకు ముందే బ్రేకులు మాట వినవు. తరంగాల్లాంటి గతుకుల రోడ్డు మీద పైకప్పు బరువు బండిని ఎలా ఊపుతుందో ఒక్కసారి చూసినవారు మళ్లీ పైన బరువు పెట్టరు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు గుడారాలు మాని గదులు తీసుకోవడం, లేదా మరో కుటుంబంతో కలిసి రెండు బండ్లలో వెళ్లడం నా సలహా. రెండు బండ్లుంటే ఒకటి ఆగినా మనుషులు చిక్కుకుపోరు.

పిల్లల సీట్ల సంగతి కొనకముందే చూడాలి. ఏడేళ్ల లోపు పిల్లలకు ఇక్కడ ఆమోదం పొందిన సీటు తప్పనిసరి, దాని పై పట్టీని తగిలించడానికి సీటు వెనక కొక్కెం ఉండాలి. చాలా ఏడు సీట్ల బండ్లలో మూడో వరుసకు ఆ కొక్కెం ఉండదు. అంటే చిన్నపిల్లల సీట్లన్నీ రెండో వరుసలోకి చేరతాయి, మూడో వరుసలోకి మోకాళ్లు ముడుచుకుని ఎక్కాల్సింది డెబ్బై ఏళ్ల తాతయ్య, అమ్మమ్మ. బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు మీ పిల్లల సీట్లు తీసుకెళ్లి బిగించి, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను ఎక్కించి దింపి చూడండి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులు మూడో వరుస వరకు వస్తాయో లేదో కూడా అప్పుడే అడగండి.

డీజిల్ ట్యాంకు పెద్దదై ఉండాలన్న పట్టుదల మాత్రం చాలామందికి అనవసరం. ప్రాడో 150లో రెండు ట్యాంకులు కలిపి 150 లీటర్లు, పాత 120లో 180. మొదటి తరం ఎంయూ-ఎక్స్‌లో 65 మాత్రమే. చూస్తే చాలా తేడా అనిపిస్తుంది, కానీ దారి లెక్క వేయండి. పోర్ట్ అగస్టా నుంచి కూబర్ పీడీ వెళ్లే స్టువర్ట్ హైవే మీద గ్లెండాంబో దాటాక బంకు లేని దూరం సుమారు 250 కిలోమీటర్లు. 1980లో మూసేసిన పాత ఘాన్ రైలుమార్గం వెంట సాగే ఊడ్నడాటా ట్రాక్ మొత్తం 620 కిలోమీటర్లలో మర్రీ, విలియం క్రీక్, ఊడ్నడాటా, మార్లా ఊళ్ల మధ్య ఒక్కో అంచె దాదాపు 200 మాత్రమే. బరువుతో వందకు 12 లీటర్లు తాగినా 65 లీటర్ల ట్యాంకు అయిదు వందల కిలోమీటర్లు తీసుకెళ్తుంది. సింప్సన్ ఎడారిని అడ్డంగా దాటేవారికి పెద్ద ట్యాంకు కావాలి, చిన్నపిల్లలున్న కుటుంబం అక్కడికి ఒంటరి బండిలో వెళ్లనే కూడదు.

ఇదే లెక్కను ఇంకో మెట్టు ముందుకు తీసుకెళితే అసలు డీజిలే ఎందుకన్న ప్రశ్న వస్తుంది, అది అడగాల్సిన ప్రశ్నే. మీ బండి ఏడాదిలో యాభై వారాలు బడికీ దుకాణానికీ మాత్రమే తిరిగేదైతే, హైవే ఎక్కే అవసరం లేకపోతే, 4 లీటర్ల వీ6 పెట్రోలు ప్రాడో కొనుక్కోండి. ఇంధనానికి ఎక్కువ ఖర్చవుతుంది, కానీ ఇంజెక్టర్లు, డీపీఎఫ్, మసి అన్న మూడు బెంగలు ఉండవు. అవుట్‌బ్యాక్‌లో పెట్రోలు దొరకదన్నది పాత మాట; ఈ దారులన్నింటి మీదా దొరుకుతుంది, కొన్ని చోట్ల మామూలు పెట్రోలుకు బదులు ఓపల్ అనే తక్కువ ఆరోమాటిక్ పెట్రోలు పోస్తారు, దానితో ఇంజన్‌కు ఏమీ కాదు. రోజూ యాభై అరవై కిలోమీటర్లు హైవే మీద పనికి వెళ్లేవారికీ, బరువు లాగేవారికీ, నెలకోసారైనా దూరం వెళ్లేవారికీ డీజిల్ తగినది. నేను డీజిల్ వైపే ఉన్నాను, ఎందుకంటే నా ఉద్యోగం నన్ను రోజూ ఊరి బయటికి నడిపిస్తుంది.

అలంకారాలకు డబ్బు ఇవ్వకండి. నాలుగంగుళాలు పైకెత్తిన సస్పెన్షన్, ఇంజన్ శక్తి పెంచే చిప్పు, కప్పు మీద దీపాల వరస ఉన్న బండిని చూసి పిల్లలు గంతులేస్తారు. ఎంత ఎత్తు వరకు చట్టబద్ధమో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, చిప్పు పెట్టిన ఇంజన్ ఎంత వేడిలో ఎంతకాలం నడిచిందో ఎవరూ చెప్పలేరు. ఏ మార్పూ చేయని, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండినే నేను వెతుకుతాను.

ధర కుదిరాక చేతిలో కనీసం నాలుగు వేల డాలర్లు మిగిలేలా చూసుకోండి. ఆ డబ్బుతో మొదటి నెలలోనే ఇంజన్, గేర్‌బాక్సు, ముందు వెనక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిళ్లన్నీ మార్పించండి. రేడియేటర్ పాతదైతే మార్చేయండి. డీజిల్‌లో నీళ్లు కలిస్తే ముందే పట్టుకునే రెండో ఫ్యూయల్ ఫిల్టరు పెట్టించండి. విపరీతమైన ఒత్తిడితో పనిచేసే నేటి ఇంజెక్టర్లకు గుక్కెడు నీళ్లే చాలు, నాలుగూ మార్చాల్సి వస్తుంది. టైరు పక్కగోడ మీది నాలుగంకెలు చదవండి: 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. గీతలు ఎంత లోతుగా ఉన్నా, ఏడెనిమిదేళ్ల టైరుతో పదునైన రాళ్ల మీదికి వెళ్లకూడదు. లైట్ ట్రక్ రకం టైర్లు అయిదూ ఒకే కొలతవి కొని, ఒక కంప్రెసర్, ఒక గాలి కొలిచే గేజి బండిలోనే ఉంచండి. కంకర గతుకుల మీద గాలి 28 పీఎస్ఐ దగ్గరికి తగ్గించి, వేగమూ తగ్గించి నడిపితే టైర్లూ షాక్ అబ్సార్బర్లూ బతుకుతాయి.

మొదటి ప్రయాణానికి ఊడ్నడాటా వద్దు. హాకర్ వరకు తారు రోడ్డే. అక్కడ రెండు రాత్రులు ఉండి, పరాచిల్నా లోయ గుండా బ్లిన్మన్ వరకు కంకర దారిలో నిండు బరువుతో నడిపి చూడండి. కొత్తగా చేరిన పాత బండి తన లోపాలను ఆ దారిలో చూపిస్తుంది: ఎక్కడో వదులైన బుష్, కారే షాక్ అబ్సార్బర్, దుమ్ము లోపలికి వచ్చే తలుపు రబ్బరు. పోర్ట్ అగస్టా మెకానిక్‌లు హాకర్‌కు వంద కిలోమీటర్లకు కాస్త ఎక్కువ దూరంలో ఉంటారు. తిరిగొచ్చాక ఎయిర్ బాక్సు మూత తీసి తెల్లగుడ్డతో మళ్లీ తుడవండి, ఆ లోపాల జాబితా మెకానిక్ చేతికి ఇవ్వండి, విలియం క్రీక్‌లో గదులు ఆ తర్వాత బుక్ చేసుకోవచ్చు.